అతుకుచెక్కతో తరిమెనపని



నేను మలక్‌పేట నివాసిని. ఉల్లిగడ్డలు అమ్ముకొనుటకై మా పేటలోని మార్కెట్టు యార్డునకు వచ్చినవారు మీలో అనేకులు ఉందురు. సరకు అమ్ముడుపోయిన పిమ్మట మూసారాంబాగు వైపునకో దిల్‌సుఖ్‌నగరు వైపునకో నడచినవారికి ఒక దృశ్యము కంటబడక మానదు. ఒకచోట పాత పెంకుటిల్లు పడగొట్టుచుందురు. దాని ప్రక్కనే అంతస్తుల మేడకు పునాదులు త్రవ్వుచుందురు. పెద్ద దూలములను, చెక్కుచెదరని తలుపులను బేరగాడు లారీ మీద తీసికొనిపోవును. చెదలు తినగా మిగిలిన ద్వారబంధము కొనలు, విరిగిన వాసములు, జానెడు మూరెడు ముక్కలు మాత్రము పొయ్యిపాలగును. నేడు మీ గ్రామములందును ఇట్లే జరుగుచున్నది. మండువా యిండ్లు పోవుచున్నవి. వాటి కలపయు పోవుచున్నది.

ఆ జానెడు ముక్కలను గూర్చియే నేటి నా ప్రసంగము. వాటిని జిగురుతో అతికి, తరిమెన పట్టి, తరతరములు నిలుచు పాత్రలుగా చేయవచ్చును. పొయ్యిలో పెట్టిన గంటసేపు మండు కర్ర, ఓర్పుతో చేసినచో మీ మనుమల కాలమునకు కూడ ఇంట నుండును. అయితే ఈ పనికి కొన్ని నియమములు కలవు. వాటిని తప్పినవాని శ్రమ యంతయు వ్యర్థమగును. నేను తప్పి నేర్చుకొన్నవాడను గనుక చెప్పుటకు సాహసించుచున్నాను.

తరిమెన యన నేమో మీకు తెలియనిది కాదు. మా నగరమున దానిని ఖరాదు అందురు. కర్ర గిరగిర తిరుగుచుండగా ఉలి నానించి గుండ్రముగా దిద్దు యంత్రము అది. మీ పందిరిమంచపు కోళ్ళు, పిల్లల బొంగరములు, చదరంగపు పావులు అన్నియు దాని మీద పుట్టినవే. వెనుకటి దినములలో దానిని త్రాటితోనో వింటితోనో త్రిప్పెడివారు. అప్పుడు కర్ర ఒకమారు ముందునకు, ఒకమారు వెనుకకు తిరిగెడిది. ముందునకు తిరిగినపుడు మాత్రమే ఉలి తెగెడిది. నేడు విద్యుత్తు మోటారు ఎడతెగక ఒకే వైపునకు త్రిప్పుచున్నది.

ఈ విద్యకు తెలుగునాట పేరుమోసిన స్థలము ఏటికొప్పాక. ఆ గ్రామము వరాహనది యొడ్డున ఉన్నది. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022లో జిల్లాలను విభజించిన పిమ్మట అనకాపల్లి జిల్లాలో చేరినది. అచ్చటి పనివారు అంకుడు కర్రను తరిమెన పట్టి బొమ్మలు, భరిణెలు, లక్కపిడతలు చేయుదురు. రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుచున్న బొమ్మకు ఒత్తిపట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కర్ర కంటుకొనును. పిమ్మట మొగలి ఆకుతో మెరుగు పెట్టుదురు. చెట్ల ఆకులు, బెరళ్ళు, గింజలనుండి తీసిన రంగులను మరల వాడుకలోనికి తెచ్చుటకు పాటుపడిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపును వచ్చినది.

అంకుడు మెత్తని కర్ర. ఉలికి సులభముగా లొంగును. చిన్న బొమ్మకు చిన్న కొమ్మ చాలును. కాని టేకు, జిట్రేగి, నల్లమద్ది, తుమ్మ వంటి గట్టి కలపతో పది అంగుళముల వెడల్పు గిన్నె చేయవలెనన్నచో, అంతకంటె లావైన మ్రాను కావలెను. అట్టి మ్రానును నరకుటకు నేడు మన అడవులకు శక్తి లేదు, మనకు హక్కును లేదు. ఇచ్చటనే అతుకుచెక్క అక్కరకు వచ్చుచున్నది.

అతుకు అనగానే మన పెద్దలు కొంత చిన్నచూపు చూతురు. ఏకాండ వీణకున్న గౌరవము అతికిన వీణకు లేదు. బొబ్బిలి వీణ ఒకే పనసదుంగనుండి తొలిచినదని గర్వముగా చెప్పుకొందుము. అది న్యాయమే. అయినను మన బండిచక్రమును తలచుకొనుడు. నడుమ నున్న కుండ తరిమెన పట్టినది. దానినుండి ఆకులు వెడలును. ఆకుల కొనలపై వంపుచెక్కలను ఒకదాని ప్రక్క నొకటి చేర్చి వలయము చేయుదురు. సాధారణముగా ఆకులు 12, వంపుచెక్కలు 6 ఉండును. ఒకే చెక్కనుండి అంత చక్రమును కోసినచో ఏమగును? కొన్నిచోట్ల నార చక్రము వెంట పోవును, కొన్నిచోట్ల అడ్డము పడును. అడ్డము పడినచోట మొదటి గుంటలోనే చక్రము పగులును. ముక్కలు చేసి అతుకుటవలన నార అంతటను చుట్టు వెంట పోవుచున్నది. కనుక ఇక్కడ అతుకు లోపము కాదు, అదియే బలము. మన వడ్రంగి తాతలు ఈ రహస్యము నెరిగినవారు. వారు ఇనుప కమ్మిని ఎర్రగా కాల్చి తొడిగి నీళ్ళు పోసెడివారు. అది చల్లారి బిగిసి ముక్కలను పట్టియుంచెడిది. అతుకుచెక్క గిన్నెలో ఆ కమ్మి చేయు పనిని జిగురు చేయును. భేదమంతయే.

ఇక నియమములు చెప్పెదను. మొదటిది, కర్ర ఆరియుండుట.

పచ్చికర్రలో నీరు మిక్కుటము. ఆ నీరు పోవుచుండగా కర్ర కుదించుకొనును. అయితే అన్ని దిక్కుల ఒకే రీతిగా కుదించుకొనదు. నార పొడవున తగ్గుదల దాదాపు లేనట్లే. అడ్డముగా మాత్రము జాతిని బట్టి నూటికి 3 మొదలు 10 పాళ్ళ వరకు తగ్గును. అందులోను ఏటివలయముల వెంబడి కలుగు తగ్గుదల, బెరడునుండి నడిబొడ్డునకు పోవు దిక్కున కలుగు తగ్గుదలకు ఇంచుమించు రెట్టింపు. పచ్చిపలక ఆరునపుడు వంగుటకు, పగులుటకు కారణమిదియే. టేకు తక్కువగా కదలు జాతి గనుకనే మన పెద్దలు తలుపులకు దానిని కోరుకొనిరి.

కర్ర ఆరినదో లేదో తెలిసికొనుటకు యంత్రములు కలవు. కాని మీ యింట త్రాసున్నచో చాలును. ముక్కను తూచి తూకమును దానిమీదనే వ్రాయుడు. నీడపట్టున గాలి తగులుచోట నుంచుడు. వారమున కొకమారు తూచుడు. తూకము తగ్గుట మానినపుడు అది ఆ గదిలోని గాలికి సరిపడ ఆరినదని అర్థము. పాత యింటి కలపకున్న మేలు ఇదియే. అది అరువది యెండాకాలములు చూచినది. దానికి కొత్తగా ఆరవలసినది లేదు. అయినను వానలో తడిసిన ముక్కను మాత్రము మరల తూచి చూడవలెను.

ఈ నియమమును నేను తప్పితిని. మా గ్రామమున మా తాతగారు కట్టించిన ఇల్లు పడగొట్టినపుడు, ద్వారబంధములో చెదలు ముట్టని టేకు ముక్కలను ఏరి మలక్‌పేటకు తెచ్చుకొంటిని. వాటిని వలయములుగా అతికి గిన్నె పట్టితిని. అడుగునకు మాత్రము రంగు బాగుండునని కొత్తగా కోసిన తుమ్మపలకను వేసితిని. చూచినవారెల్ల మెచ్చిరి. దానిని మా పెదనాన్నగారి చేతిలో పెట్టితిని. ఎండాకాలము వచ్చునప్పటికి అడుగు నిలువున పగిలినది. పచ్చితుమ్మ కుదించుకొనవలెనని చూచినది. చుట్టునున్న టేకు కదలలేదు. జిగురు రెంటిని విడువలేదు. కనుక తుమ్మ తననుతానే చీల్చుకొన్నది. మా పెదనాన్నగారు గిన్నెను వెనుక కిచ్చుచు, “ఆ తలుపు అరువదేండ్లు నిలిచినదిరా నాయనా! నీ గిన్నె ఆరు నెలలు నిలువలేదు” అనిరి. ఆ మాట నేటికిని నా చెవిలోనున్నది.

రెండవ నియమము, నార దిక్కు కలియుట. రెండు మందపు పలకలను అతుకునపుడు రెంటి నారయు ఒకే దిక్కునకు పోవలెను. అప్పుడు గాలిలోని తేమకు ఉబ్బినను, ఎండకు కుదించుకొన్నను రెండును కలిసి కదలును. ఒకటి నిలువు, ఒకటి అడ్డము పెట్టినచో ప్రతి ఋతువునందును అతుకు దగ్గర పోరు జరుగును. ఏదో యొకనాడు అతుకైనను ఊడును, పలకయైనను పగులును. “పొరలచెక్కలో నారను అడ్డదిడ్డముగానే వేయుదురు గదా!” యని మీరడుగవచ్చును. నిజమే. ఈజిప్టు దేశమున సక్కారాలోని మెట్ల పిరమిడులో దొరకిన శవపేటిక గోడలు 6 పొరల చెక్కతో, ఒకదాని నార కింకొకదాని నార అడ్డముగా చేసినవే. దాని వయస్సు నాలుగువేల యేండ్లకు మించినది. కాని ఆ పొరలు పలుచనివి. పలుచని పొరకు బలము తక్కువ గనుక దాని ప్రక్కపొర దానిని కదలనీయక ఆపగలదు. అంగుళము మందము పలక బలము అట్టిది కాదు. దానిని ఏ జిగురును ఆపలేదు. కనుకనే గిన్నె అడుగును పలుచగా నుంచవలెను. ఎండిన కర్రతోనే చేయవలెను. వెడల్పు ఎంత తక్కువయైన అంత మేలు.

మూడవది, అతుకు బిగువు. పది అంగుళముల వలయమునకు 12 ముక్కలు కావలెననుకొందము. చుట్టు మొత్తము 360 డిగ్రీలు. 12 చేత భాగింపగా ముక్కకు 30. ఆ 30ని రెండు కొనలకు పంచగా ఒక్కొక్క కొనను 15 డిగ్రీల వాలుగా కోయవలెను. ఒకటిన్నర అంగుళము వెడల్పు గల పట్టెనుండి వెలుపలి అంచు రెండుముప్పాతిక అంగుళములు వచ్చునట్లు, కోతకోతకు పట్టెను తిరగవేయుచు కోసినచో మూడడుగుల పట్టె ఒక వలయమునకు సరిపోవును. పది అంగుళముల మ్రాను అక్కరలేదు. విరిగిన వాసము చాలును.

కాని లెక్క తప్పరాదు. ఒక్కొక్క కోతలో అర డిగ్రీ తప్పినచో, 24 కొనలకు కలిపి 12 డిగ్రీల తప్పగును. చివరి ముక్క దగ్గర వ్రేలు దూరునంత సందు కనబడును. ఆ సందును రంపపుపొట్టుతోను జిగురుతోను పూడ్చువారు కలరు. అది కంటికి మరుగగునే కాని బలము రాదు. దానికొక ఉపాయమున్నది. ఆరేసి ముక్కలతో రెండు అర్ధవలయములను వేరువేరుగా అతికి ఆరనీయుడు. చదునైన పలకమీద ఉప్పుకాగితము పరచి, ప్రతి అర్ధవలయపు రెండు కొనలను ఒక్కసారిగా రుద్దుడు. కొనలు రెండును ఒకే చదునునకు వచ్చును. అప్పుడు రెండు అర్ధములను చేర్చినచో వెలుగు చొరని అతుకు కుదురును. బిగించుటకు సైకిలు ట్యూబును పట్టీలుగా చీల్చి చుట్టుకొనిన చాలును.

వలయములను ఒకదానిపై నొకటి పేర్చునపుడు తాపీపనివాని పద్ధతి ననుసరింపవలెను. ఇటుకగోడలో అతుకుమీద అతుకు రానీయరు గదా. క్రింది వలయపు అతుకుమీద పై వలయపు ముక్క నడిభాగము రావలెను. నార కొనలు తాకు అతుకునకు సహజముగా బలము తక్కువ. అవి జిగురును త్రాగివేయును. అందుచేత అచ్చట ముందొక పలుచని పూత పూసి, కొంచెమాగి, మరల జిగురు వ్రాయవలెను. వలయము వలయముతో చేరుచోట మాత్రము నార ప్రక్కలు కలియును. అసలు బలము అక్కడిదే.

జిగురు సంగతి. కొండపల్లి పనివారు తెల్లపొణికి బొమ్మల చేతులను, తలలను చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. తేలికబొమ్మకు అది చాలును. మన వడ్రంగులు తోళ్ళు ఎముకలు ఉడికించి తీసిన వజ్రమును కాచి వాడెడివారు. అది గట్టిదే కాని తేమకును వేడికిని మెత్తబడును. నేడు అంగడిలో దొరకు తెల్లజిగురు ఈ పనికి అనుకూలము. టేకులోను జిట్రేగిలోను సహజముగా నూనె యుండును. ఆ నూనె మెల్లగా పైకి వచ్చి జిగురును అంటనీయదు. కనుక చిత్రిక పట్టిన దినముననే అతుకవలెను. అతికిన పిమ్మట ఒక రాత్రి, ఒక పగలు ముట్టకుండ నుంచవలెను.

పాత కలపలో మేకులుండును. తలలు త్రుప్పుపట్టి రాలిపోయి, మొన లోపలనే మిగిలియుండును. నల్లని మచ్చ కనబడినచోట అయస్కాంతముతో పరీక్షించి, మేకును తీసిన తరువాతనే రంపము పెట్టవలెను.

ఇక తరిమెన దగ్గరి జాగ్రత్త. పది అంగుళముల గిన్నె నిమిషమునకు వేయి చుట్లు తిరిగినపుడు, దాని అంచు గంటకు దాదాపు 48 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. అతుకు ఊడిన ముక్క ఆ వేగముననే ముఖమునకు వచ్చును. అందుచేత మొదట అందులో సగము వేగముననే మొదలుపెట్టవలెను; ముఖమునకు తెర ధరింపవలెను; ముక్క ఎగురు దారికి ఎదురుగా నిలువరాదు. ఉత్తరీయము, వదులు చొక్కాచేతులు, జారుచెంగు తరిమెన దరికి రానీయరాదు. పొట్టును గూర్చియు ఒకమాట. కలపధూళి మనుష్యులకు క్యాన్సరు కలిగింపగలదని 1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించినది. జిట్రేగి పొట్టు కొందరికి దురదయు దగ్గును కలిగించును. మూతికి మంచి ముసుగు కట్టుకొని, గాలి ఆడుచోట పని చేయవలెను. ఇవి పిరికితనపు మాటలు కావు; పనివాని కన్ను, ఊపిరి వాని మూలధనములు.

ఇట్లు చేసిన పాత్ర దేనికి పనికివచ్చునో కూడ నిజము చెప్పవలెను. వేడిపులుసు పోయుటకు, నీళ్ళలో నానవేయుటకు ఇది తగదు. పసుపుకుంకుమలు, వక్కలు, గింజలు, పండ్లు, పూజాద్రవ్యములు ఉంచుకొనుటకు తగినది. లక్కమెరుగు పెట్టి పొడిబట్టతో తుడుచుచుండిన చాలును.

పెద్దలారా! ఈ పని మీరే చేయవలెనని నా యర్థము కాదు. మీరు చేయదగినవి మూడు కలవు. ఇల్లు పడగొట్టునాడు మీరు దగ్గర నుండుడు. ఏది టేకు, ఏది మద్ది, ఏది వేగి యని చూచినంతనే చెప్పగలవారు మీరే. ఆ యెరుక నేటి కుర్రవాండ్రకు లేదు. జానెడుకు మించిన గట్టిముక్కలను ఏరించి, సుద్దతో పేరు వ్రాయించి, తడి తగులని చోట పెట్టింపుడు. రెండవది, మీ ప్రాంతమున తరిమెన పట్టువాడున్నచో వాని చెంత ఒక బాలుని నేర్చుకొననిండు. మంచపు కోళ్ళకు గిరాకి తగ్గినదని వాడు తరిమెనను పాతయినుమునకు అమ్ముకొనకముందే ఈ కొత్తపని వానికి చూపుడు. మూడవది, పొలముగట్టున నాలుగు అంకుడు మొక్కలు నాటింపుడు. పాత కలప ఎంత యున్నను తరుగునదే. నాటిన చెట్టు మాత్రమే పెరుగునది.

గిన్నె పగిలిన మరుసటి యేడు, ఆ ద్వారబంధములో మిగిలిన ముక్కలతోనే, అడుగును కూడ ఆ టేకుతోనే పలుచగా వేసి, నేను మరల చేసితిని. మా పెదనాన్నగారు దానిని త్రిప్పి త్రిప్పి చూచి, ఏమియు ననక, దేవుని గూటిలో పెట్టించిరి. వారు పోయిరి, ఆ యిల్లును లేదు. పండుగనాడు మా యింటి ఆడపడుచులు వచ్చినపుడు ఆ గిన్నెలోని కుంకుమనే బొట్టు పెట్టుకొందురు. ఒకప్పుడు వారందరు దాటి వచ్చిన ద్వారమే అది.